అడగాల్సిన చోటు, అడగాల్సిన రోజు

ఎమ్మెస్‌కి అమెరికా బయల్దేరే పిల్లలకి మన ఇళ్లలో దొరికే సలహాల్లో సింహభాగం సామాను గురించే. కుక్కర్ ఏ సూట్‌కేసులో పెట్టాలి, పచ్చళ్లు కారకుండా ఎలా ప్యాక్ చేయించాలి, చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా. ఇవీ అవసరమే, కాదనను. అయితే అక్కడికెళ్లాక మొదటి సెమిస్టర్లో దెబ్బతినేవాళ్లు దెబ్బతినేది వీటి వల్ల కాదు, తెలివి చాలక కూడా కాదు. సాయం చేసే మనిషి దగ్గరికి వెళ్లి, గడువు దాటకముందే, నోరు తెరిచి అడగకపోవడం వల్ల.

అమెరికన్ యూనివర్సిటీలో విద్యార్థికి ఉండే వెసులుబాట్లు చాలా ఎక్కువ. ఒంట్లో బాగోకపోతే అసైన్‌మెంటు గడువు పొడిగిస్తారు. పాఠం అర్థం కాకపోతే ప్రొఫెసర్ తన గదిలో కూర్చుని మళ్లీ చెబుతారు. ఒక కోర్సు మోయలేకపోతే వీసాకి ఇబ్బంది రాకుండా దించుకునే దారి కూడా ఉంది. కానీ వీటిలో ఏదీ మన దగ్గరికి నడిచి రాదు. క్లాసుకి రాకపోతే ఇంటికి ఫోన్ చేసేవాళ్లుండరు. మన పిల్లలేమో కార్పొరేట్ కాలేజీ ఇంటర్ నుంచి బీటెక్ దాకా, స్టడీ అవర్ కూడా ఎవరో గంట కొడితే మొదలయ్యే చోట పెరుగుతారు. క్లాసులో ప్రశ్న అడిగితే లెక్చరర్ చిరాకుపడటం, వెనక బెంచీ నవ్వడం చూసి చూసి, అడగకపోవడమే మర్యాద అనుకుంటారు. ఆ మర్యాద అక్కడ నష్టం చేస్తుంది. ఎవరిని ఎప్పుడు ఏం అడగాలో వివరంగా చెప్పడానికే ఈ వ్యాసం.

మొదట సిలబస్. మన దగ్గర సిలబస్ అంటే యూనిట్ల జాబితా. అక్కడ ప్రొఫెసర్ మొదటి వారంలో ఇచ్చే సిలబస్ పది పన్నెండు పేజీలుండొచ్చు, అందులో పాఠ్యాంశాలకి పట్టేది ఒకటి రెండు పేజీలే. మిగతాదంతా నియమాలు: హోంవర్కుకి ఎంత శాతం, మిడ్‌టర్మ్‌కి ఎంత, ప్రాజెక్టుకి ఎంత, ఆలస్యమైతే రోజుకి ఎంత కోత, క్లాసులో మాట్లాడినందుకు మార్కులున్నాయా, చాట్‌జీపీటీ లాంటివి వాడొచ్చా వాడకూడదా, ఎంతమందితో కలిసి పనిచేయొచ్చు. కోర్సుకీ కోర్సుకీ ఇవి మారిపోతాయి. ఒక ప్రొఫెసర్ సరేనన్నదాన్ని పక్క గదిలో ఇంకో ప్రొఫెసర్ తప్పుగా రాసి ఉండొచ్చు. కాబట్టి మొదటి వారాంతం చేయాల్సిన పని ఒకటుంది. అన్ని కోర్సుల సిలబస్‌లూ ముందు పెట్టుకుని ప్రతి గడువునీ ఒకే క్యాలెండర్లోకి ఎక్కించడం. అలా ఎక్కిస్తే మూడు కోర్సుల మిడ్‌టర్మ్‌లూ ఒకే వారంలో పడుతున్న సంగతి ఆగస్టులోనే తెలుస్తుంది. లేకపోతే అక్టోబర్లో, ఆ వారంలో తెలుస్తుంది.

ఆ శాతాల్లోనే అసలు తేడా ఉంది. జేఎన్‌టీయూ పద్ధతిలో ఎక్కువ మార్కులు చివరి ఎక్స్‌టర్నల్‌కి. చివరి పది రోజులు ఆల్-ఇన్-వన్ పట్టుకుని ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చదివితే గట్టెక్కొచ్చు. అక్కడ హోంవర్కులకే 30, 40 శాతం ఉండి, ఫైనల్‌కి 25, 30 శాతమే ఉండే కోర్సులు సర్వసాధారణం. మొదటి రెండు హోంవర్కులు తేలిగ్గా తీసుకుంటే ఆ నష్టాన్ని ఫైనల్లో పూడ్చుకోవడం కష్టం. సప్లిమెంటరీ అనే మాటే లేదు. ఎఫ్ వచ్చిందంటే మళ్లీ ఫీజు కట్టి ఆ కోర్సు మళ్లీ చదవాలి.

ఇప్పుడు గంటల లెక్క చూద్దాం. అమెరికా ఫెడరల్ నిబంధనల్లో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు బయట కనీసం రెండు గంటల పని. మాస్టర్స్‌లో ఫుల్‌టైమ్ అంటే చాలాచోట్ల సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు. అంటే వారానికి 27 గంటలు, అదీ కనీసం. ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులున్న కోర్సులు రెండు పడితే ఇది సులువుగా 40 దాటుతుంది. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయొచ్చు. డైనింగ్ హాల్లో 20 గంటలు, చదువు 40 గంటలు, వంట, బట్టలు, బస్సు కోసం ఎదురుచూపులు, అర్ధరాత్రి ఇంటికి ఫోన్లు. మొదటి సెమిస్టర్లో 20 గంటల ఉద్యోగం ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతాను. పది గంటలతో మొదలుపెట్టి, మొదటి మిడ్‌టర్మ్ మార్కులు చూసుకున్నాక పెంచుకోవడం మంచిది. ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ మీద ఉన్న భయంతో 20కి ఒప్పుకుని, దాని మీద బయట పెట్రోల్ బంకుల్లో నగదుకి పనిచేసేవాళ్లు చదువుతోపాటు వీసానీ పణంగా పెడుతున్నారు. అనుమతి లేని పని ఎఫ్-1 స్టేటస్‌ని నేరుగా పోగొట్టే తప్పు.

ఇక ఆఫీస్ అవర్స్. సిలబస్ మొదటి పేజీలోనే ఉంటాయి: మంగళ, గురువారాలు రెండు నుంచి మూడున్నర, ఫలానా గది. ఆ వేళకి ప్రొఫెసర్ తలుపు తీసుకుని విద్యార్థుల కోసమే కూర్చుంటారు. అపాయింట్‌మెంటు అక్కర్లేదు. మొదటి మూడు వారాలు ఆ గదుల్లో చాలాభాగం ఖాళీ. మిడ్‌టర్మ్ ముందు రోజు వరండా నిండిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లినవాళ్లకి అరగంట దొరుకుతుంది, రద్దీలో వెళ్లినవాళ్లకి మూడు నిమిషాలు.

వెళ్లి ఏం అడగాలన్నదే మనవాళ్లకి వచ్చే చిక్కు. "సర్, ఈ చాప్టర్ అర్థం కాలేదు" అంటే ఆయన ఏమీ చేయలేరు. ఉదాహరణకి అల్గారిథమ్స్ హోంవర్కులో అతి తక్కువ దూరం కనుక్కునే ప్రశ్న ఒకటి ఉందనుకుందాం. గ్రాఫ్‌లో కొన్ని అంచుల (బిందువుల్ని కలిపే గీతల) బరువులు నెగెటివ్‌గా ఉన్నాయి, డైక్‌స్ట్రా పద్ధతి తప్పు జవాబు ఇస్తోంది. అప్పుడు కాగితం మీద గ్రాఫ్ గీసుకుని తీసుకెళ్లి, "అన్ని బరువులకీ ఒకే సంఖ్య కలిపి పాజిటివ్ చేసేస్తే డైక్‌స్ట్రా వాడొచ్చా అని ప్రయత్నించాను. ఈ గ్రాఫ్‌లో మాత్రం తప్పు దారి వస్తోంది. ఎందుకు?" అని అడగాలి. ఎక్కువ అంచులున్న దారికి ఆ సంఖ్య ఎక్కువసార్లు కలుస్తుంది, తక్కువ అంచులున్న దారికి తక్కువసార్లు, అందుకే పోలిక చెడిపోతుందని ఆయన అక్కడే గీసి చూపిస్తారు. నెగెటివ్ బరువులున్నా పనిచేసే బెల్‌మన్-ఫోర్డ్ పద్ధతి ఎందుకు కావాలో అప్పుడు తెలుస్తుంది. ఇలా రెండుసార్లు వెళ్లిన విద్యార్థి పేరు ఆయనకి గుర్తుంటుంది. తర్వాతి సెమిస్టర్లో హోంవర్కులు దిద్దే గ్రేడర్ కావాల్సినప్పుడు, రీసెర్చ్‌లో చెయ్యి కావాల్సినప్పుడు ముందు గుర్తొచ్చేది ఆ పేరే. సిఫారసు లేఖ అడిగినప్పుడు రాయడానికి ఆయన దగ్గర ఏదైనా ఉండేది కూడా ఇలాంటి వాళ్ల గురించే.

నేరుగా వెళ్లడానికి బెరుకైతే ప్రొఫెసర్‌కి సహాయంగా ఉండే టీఏ దగ్గర మొదలుపెట్టొచ్చు. చాలా కోర్సుల్లో పియాజా లాంటి చర్చావేదికలుంటాయి, అందులో తోటి విద్యార్థులకి పేరు కనపడకుండా ప్రశ్న పెట్టొచ్చు. దాన్ని స్థాపించిన పూజా శంకర్ ఐఐటీ కాన్పూర్‌లో చదువుకున్నారు. క్లాసులో అతి కొద్దిమంది అమ్మాయిల్లో ఒకరై, తోటివాళ్లని అడగడానికి మొహమాటపడ్డ అనుభవం నుంచే ఆ ఆలోచన పుట్టిందని ఆవిడే చెప్పారు. మన దగ్గరి మొహమాటానికి మన దేశం నుంచి వెళ్లిన మనిషే కట్టిన దారి అది, వాడుకోవడానికి సందేహించక్కర్లేదు.

ఈమెయిల్ రాయడం కూడా ఒక పనే. సబ్జెక్ట్ గడిలో కోర్సు నంబరు, హోంవర్కు నంబరు. సంబోధనలో "ప్రొఫెసర్" అని ఇంటిపేరు. "రెస్పెక్టెడ్ సర్" వద్దు, తొలి పేరుతో పిలవమని ఆయనే చెప్పేదాకా తొలి పేరూ వద్దు. తర్వాత నాలుగు వాక్యాలు: సమస్య ఏమిటి, ఇప్పటిదాకా ఏం ప్రయత్నించాను, ఏం కావాలి, ఎప్పటిలోగా. గడువు పెంచమని అడగాలంటే గడువుకి ముందే అడగాలి. రెండు రోజుల ముందు, జ్వరంగా ఉంది, హెల్త్ సెంటర్‌కి వెళ్లాను, శుక్రవారం దాకా ఇవ్వగలరా అని రాస్తే ఒప్పుకునే ప్రొఫెసర్లు చాలామంది. గడువు దాటిన మర్నాడు అదే ఉత్తరం రాస్తే సాకులా కనిపిస్తుంది.

కాపీ గురించి దాచకుండా మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఇక్కడ మన చదువు నేర్పిన అలవాటు నేరుగా ప్రమాదంలోకి తీసుకెళ్తుంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ల్యాబ్ రికార్డు ఎలా తయారవుతుందో అందరికీ తెలుసు. సీనియర్ రికార్డు ముందు పెట్టుకుని, రీడింగులతో సహా రాత్రికి రాత్రి దించేస్తారు. అందరూ అదే రాస్తారు, సంతకం పడుతుంది. నాలుగేళ్లు అలా చేసిన పిల్లాడికి రూమ్మేట్ కోడ్ చూసి వేరియబుల్ పేర్లు మార్చి పంపడం తప్పనిపించదు, సాయం అనిపిస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త అలెక్స్ ఐకెన్ 1994లో రాసిన మాస్ అనే ప్రోగ్రామ్ ఇలాంటి కాపీ పట్టడానికే ఉంది. పేర్లు, కామెంట్లు, ఖాళీలు మార్చినా అది పట్టించుకోదు. కోడ్ నిర్మాణాన్ని చూసి జంటలు జంటలుగా పోలికలు తీస్తుంది. వ్యాసాలకైతే టర్నిటిన్ ఉంది. ఇంకో సంగతి: తీసుకున్నవాళ్లతోపాటు ఇచ్చినవాళ్లదీ తప్పే. "వాడు అడిగాడు, కాదనలేక పంపాను" అన్నది అక్కడ జవాబుగా చెల్లదు. గత సెమిస్టర్ ప్రాజెక్టుని గిట్‌హబ్‌లో అందరికీ కనిపించేలా పెట్టడాన్ని కూడా కొన్ని కోర్సులు నిషేధిస్తాయి.

పట్టుబడితే జరిగేది ఇలా ఉంటుంది. ప్రొఫెసర్ పిలుస్తారు, లేదా కాపీ కేసులు చూసే ఇంటెగ్రిటీ ఆఫీసు నుంచి ఉత్తరం వస్తుంది. ఆ అసైన్‌మెంటుకి సున్నా నుంచి కోర్సులో ఎఫ్ దాకా, మళ్లీ దొరికితే సస్పెన్షన్ దాకా శిక్షలుంటాయి. అమెరికన్ విద్యార్థికి సస్పెన్షన్ అంటే ఒక సెమిస్టర్ ఇంట్లో ఉండటం. ఎఫ్-1 విద్యార్థికి మాత్రం చదువు ఆగితే స్టేటస్ ఆగుతుంది, దేశం విడిచి రావాలి. కాబట్టి అలాంటి ఉత్తరం వస్తే ముందు మాట్లాడాల్సింది యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో. దాచిపెట్టి వాట్సాప్‌లో జవాబు వెతికితే విచారణకి రమ్మన్న తేదీ దాటిపోతుంది.

ఇది నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం దగ్గరికి తీసుకొస్తుంది: ఎవరి మాట వింటున్నాం? తెలుగు సీనియర్లు చేసే సాయం చిన్నది కాదు. ఎయిర్‌పోర్టుకి కారు తెచ్చేదీ, మొదటి వారం నేల మీద పరుపు వేసి పడుకోబెట్టేదీ, బియ్యం ఎక్కడ దొరుకుతుందో చూపించేదీ వాళ్లే. లీజుపై సంతకం చేసేముందు దాన్ని వాళ్లకి చూపించండి. నలుగురు కలిసి సంతకం పెట్టిన లీజులో ఒకరు వెళ్లిపోతే ఆ అద్దె చాలాసార్లు మిగతా ముగ్గురి మీద పడుతుంది. తిరగమోత పెట్టేముందు ఎగ్జాస్ట్ వేసి కిటికీ తీయమనీ, స్మోక్ డిటెక్టర్ బ్యాటరీ మాత్రం తీయొద్దనీ చెప్పేది కూడా వాళ్లే. ఇల్లూ తిండీ వరకు సీనియర్ మాట బంగారం. వీసా, ఫీజు, గ్రేడు విషయాల్లో మాత్రం సీనియర్ చెప్పింది సమాచారమే, అనుమతి కాదు. తనకి రెండేళ్ల క్రితం జరిగింది ఇప్పటి నియమం కాకపోవచ్చు.

2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీని వీసా మోసం కేసులో మూసేసినప్పుడు చిక్కుకున్నవాళ్లలో పెద్ద సంఖ్య మన పిల్లలదే. కొందరి కాళ్లకి రేడియో ట్యాగులు వేశారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. ఇమ్మిగ్రేషన్ అధికారులే నిఘా కోసం పెట్టిన బూటకపు యూనివర్సిటీ అది. అక్కడ క్లాసుల్లేవు. క్లాసుకి వెళ్లకుండానే పని అనుమతి దొరుకుతుందన్న మాట నోటి నుంచి నోటికి, మధ్యవర్తుల ద్వారా పాకింది. అప్పుడు నిర్బంధించిన సుమారు 130 మందిలో దాదాపు అందరూ భారతీయులే, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. అధికారులు అలా వల వేయడం న్యాయమా అన్నది వేరే చర్చ, న్యాయం కాదనే నా అభిప్రాయం. కానీ "అందరూ చేరుతున్నారు" అన్నది రెండుసార్లూ మనవాళ్లకి ఆధారమైంది.

ప్రతి యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ అనే అధికారి ఉంటారు. సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు ఆయన చేతిలో ఉంటుంది. ఆయనని అడగాల్సినవి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఇల్లు మారితే పది రోజుల్లో చిరునామా తెలియజేయాలి. ఫుల్‌టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సే, మూడు క్రెడిట్ల దాకా వస్తుంది. అన్నీ ఇంటి నుంచి చేస్తానంటే కుదరదు. ఇంటర్న్‌షిప్‌కి సీపీటీ (చదువులో భాగంగా చేసే పనికి అనుమతి) ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అర్హత పత్రం) మీద పడ్డాకే, అందులో రాసిన తేదీ నుంచే పని మొదలుపెట్టాలి. ఫుల్‌టైమ్ సీపీటీ పన్నెండు నెలలు వాడేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) పోతుంది. సోషల్ సెక్యూరిటీ నంబరు పని దొరికాకే, ఉద్యోగం ఇచ్చినవాళ్ల లేఖతో, డీఎస్‌ఓ లేఖతో వెళ్తే వస్తుంది. బ్యాంకు ఖాతాకి చాలాచోట్ల అది అక్కర్లేదు, పాస్‌పోర్టు, ఐ-20 చాలు.

పన్నుల విషయం క్లుప్తంగా. ఆదాయం లేకపోయినా ఫారం 8843 పంపాలి. జీతం ఉంటే నాన్-రెసిడెంట్లకిచ్చే 1040-ఎన్ఆర్ రిటర్ను, మామూలు 1040 కాదు. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణ వల్ల మన విద్యార్థులకి స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో పన్ను పడని నిర్ణీత మొత్తం) దొరుకుతుంది, చాలా దేశాల విద్యార్థులకి అది లేదు. మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు ఎఫ్-1 విద్యార్థి జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోత పడకూడదు. పడితే జీతాలిచ్చే ఆఫీసుని అడిగి వెనక్కి తీసుకోవాలి. అడగకపోతే ఆ డబ్బు అలాగే పోతుంది.

ఇన్ని చేసినా ఒక కోర్సు తన్నేయొచ్చు. అప్పుడేం చేయాలో తెలియకే ఎక్కువ నష్టం. చాలా గ్రాడ్యుయేట్ ప్రోగ్రాముల్లో జీపీఏ 3.0 కన్నా తగ్గితే ప్రొబేషన్, అంటే హెచ్చరిక కింద ఉన్నట్టు. రెండు బీలు, ఒక సీ వచ్చాయనుకోండి: 3.0, 3.0, 2.0 కలిపి మూడుతో భాగిస్తే 2.67. మన లెక్కలో ఇవన్నీ పాసే, అక్కడ ప్రమాదం. మళ్లీ 3.0 చేరాలంటే తర్వాతి సెమిస్టర్ మూడు కోర్సుల సగటు 3.33 రావాలి, అంటే ఒక ఏ-మైనస్, ఒక బీ-ప్లస్, ఒక బీ. సాధ్యమే గానీ తేలిక కాదు. దానికన్నా ఆ సీ రాకముందే మేలుకోవడం మంచిది. అకడమిక్ క్యాలెండర్లో రెండు తేదీలుంటాయి. మొదటి ఒకటి రెండు వారాల్లో ఉండే డ్రాప్ గడువులోపు వదిలితే ఆ కోర్సు ట్రాన్‌స్క్రిప్టులో కనిపించదు. తర్వాత మిడ్‌టర్మ్ దాటాక ఎక్కడో విత్‌డ్రా గడువు, దానిలోపు వదిలితే డబ్ల్యూ పడుతుంది, జీపీఏ తగ్గదు.

అయితే 9 క్రెడిట్లలో ఒక కోర్సు వదిలితే 6 అవుతాయి, ఫుల్‌టైమ్ పోతుంది కదా అని భయపడి, మునుగుతున్న కోర్సులోనే చివరిదాకా ఉండిపోతారు మనవాళ్లు. దీనికి చట్టంలోనే దారి ఉంది. రిడ్యూస్డ్ కోర్స్ లోడ్ అంటారు. ఇంగ్లిష్‌తో, చదవాల్సిన పాఠాల భారంతో మొదట్లో పడే ఇబ్బంది, అమెరికా బోధనా పద్ధతులు కొత్త కావడం, స్థాయికి తగని కోర్సులో చేరడం, ఈ కారణాలని నిబంధనల్లో పేరుపెట్టి మరీ రాశారు. కొత్తగా వచ్చిన విద్యార్థి తడబడతాడని ప్రభుత్వమే ముందుగా ఒప్పుకుందన్నమాట. షరతులు: కనీసం 6 క్రెడిట్లు ఉంచుకోవాలి, ఈ కారణాలతో ఒక డిగ్రీ స్థాయికి ఒక్కసారే, తర్వాతి సెమిస్టర్ నుంచి మళ్లీ ఫుల్‌టైమ్. అనారోగ్యానికైతే డాక్టరు లేఖతో వేరే వెసులుబాటు ఉంది. అన్నిటికన్నా ముఖ్యం వరస. ముందు డీఎస్‌ఓ అనుమతి, అది సెవిస్‌లో పడ్డాకే కోర్సు వదలడం. ముందు కోర్సు వదిలేసి తర్వాత వెళ్తే అదే పని ఉల్లంఘన అవుతుంది. బటన్ నొక్కడానికి ఒక్క క్షణం, ఆ తప్పు సరిదిద్దడానికి స్టేటస్ తిరిగి ఇవ్వమని రీఇన్‌స్టేట్‌మెంటు దరఖాస్తు, నెలల నిరీక్షణ.

ఒంటికి బాగోకపోతే ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్. రాత్రో ఆదివారమో అయితే అర్జెంట్ కేర్, అదీ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నది చూసుకుని. ప్రాణం మీదకొచ్చినప్పుడు 911. మామూలు జ్వరానికి ఎమర్జెన్సీ రూముకి వెళ్తే ఇన్సూరెన్స్ ఉన్నా పెద్ద బిల్లు వస్తుంది, ఎందుకంటే డిడక్టిబుల్ దాకా ఖర్చు మనదే. మనసు బాగోకపోతే కౌన్సెలింగ్ సెంటర్ ఉంది, కొన్ని సెషన్లు సాధారణంగా ఫీజు లేకుండా ఇస్తారు. అక్కడ చెప్పింది ప్రొఫెసర్‌కి చెప్పరు, ఇమ్మిగ్రేషన్‌కి చెప్పరు, ఇంటికి చెప్పరు. ప్రాణహాని ఉందనిపిస్తే తప్ప. రాత్రివేళ తట్టుకోలేని ఆలోచనలొస్తే 988కి ఫోన్ చేయొచ్చు, మెసేజ్ చేయొచ్చు. అప్పు, ఒంటరితనం, తగ్గిన మార్కులు మూడూ ఒకేసారి మీద పడే నవంబర్ నెలలో ఈ నంబరు ఫోన్లో ఉండాలి.

చివరగా తల్లిదండ్రులకి. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి మార్కుల మీద హక్కు ఆ విద్యార్థిదే. మీరు ఫీజు కట్టినా, యూనివర్సిటీకి ఫోన్ చేసినా, పిల్లల రాతపూర్వక అనుమతి లేకుండా సాధారణంగా ఏమీ చెప్పరు. కాబట్టి మీకు తెలిసే దారి పిల్లలే. మార్కులెన్ని అని అడిగితే బాగానే ఉన్నాయంటారు. "ఈ వారం ఏ ప్రొఫెసర్ దగ్గరికెళ్లావు, ఏం అడిగావు, విత్‌డ్రా గడువు ఎప్పుడు" అని అడగండి. తూర్పు తీరానికీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, నవంబర్ నుంచి పదిన్నర గంటలు తేడా. మీరు పొద్దున్నే కాఫీ తాగుతూ ఆరున్నరకి చేస్తే వాళ్లకి వేసవిలో రాత్రి తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. హోంవర్కు సమర్పించే గడువు చాలాసార్లు రాత్రి 11:59. పని రోజుల్లో ఆ వేళ వాళ్లకి వదిలేసి, శని ఆదివారాల్లో తీరిగ్గా మాట్లాడండి. ఒక కోర్సు వదులుకుంటున్నానని వాళ్లు చెప్పిన రోజున, డబ్బు సంగతి ఎత్తేముందు, డీఎస్‌ఓ అనుమతి వచ్చిందా అని అడగండి.